సెల్‌ఫోనులోనే సైన్సు ప్రయోగశాల
పల్లె విద్యార్థులకు ఉచితంగా అందుతున్న భౌతికశాస్త్రం

(మా గ్రామీణ విలేఖరి)

పిల్లలు సెల్‌ఫోను చేతబట్టి చెడిపోతున్నారని వాపోని తల్లిదండ్రులు నేడు ఏ పల్లెలోనూ కనిపించరు. వారి బాధ అబద్ధం కాదు. అయితే అదే ఫోనులో పైసా ఖర్చు లేకుండా వాడుకోదగిన భౌతికశాస్త్ర ప్రయోగశాల ఒకటి వున్నదన్న సంగతి చాలా మందికి తెలియదు. బ్యాటరీలు, బల్బులు, లోలకాలు, కటకాలు, అయస్కాంతాలు అన్నీ అందులో వున్నాయి. పగిలిపోతాయన్న భయం లేదు. మాస్టారు కసురుకుంటారన్న బెదురు లేదు. ఎన్నిసార్లు తప్పు చేసినా అడిగేవారు లేరు.

వీటిని సిమ్యులేషన్లు అంటున్నారు. మన మాటల్లో చెప్పుకోవాలంటే బొమ్మ ప్రయోగాలు. ఇవి వీడియోల వంటివి కావు. వీడియో తన దారిన తాను చెప్పుకుపోతుంది, మనం చూస్తూ కూర్చోవాలి. బొమ్మ ప్రయోగంలో అలా కాదు. తెర మీది తీగను వేలితో లాగి బల్బుకు తగిలిస్తే బల్బు వెలుగుతుంది. తీసేస్తే ఆరిపోతుంది. మనం చేసిన పనికి అది జవాబు చెబుతుంది. ఈ తేడాయే అసలు విషయం.

బీరువాలో బందీ అయిన సైన్సు

పల్లెటూరి బడుల్లో భౌతికశాస్త్రం ఎలా సాగుతున్నదో ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. ప్రయోగ సామగ్రి వుంటే బీరువాలో వుంటుంది. బీరువాకు తాళం వుంటుంది. తాళం తీస్తే ఏదైనా పగిలినప్పుడు జవాబు చెప్పుకోవలసింది మాస్టారే గనుక ఆయనా తీయడానికి జంకుతారు. చివరకు ప్రయోగం నల్లబల్ల మీద బొమ్మగా మారుతుంది, నోటు పుస్తకంలో జవాబుగా మిగులుతుంది.

ఈ విలేఖరి ఇంటర్మీడియట్ చదివిన కాలేజీలోనూ ఇదే తంతు. ఒక్కొక్క పరికరం చుట్టూ పదిమందికి పైగా మూగేవారు. ముందు నిలబడిన ఇద్దరు మీటరు తిప్పేవారు. వెనుక వున్నవారు అంకెలు రాసుకునేవారు. ఆడపిల్లలు ఆ గుంపును దాటి ముందుకు రాగలిగిన రోజులు తక్కువ. రికార్డు పుస్తకాలు మాత్రం అందరివీ నిండేవి.

దీనివల్ల జరిగే నష్టం మార్కుల జాబితాలో కనిపించదు. ఓమ్ నియమాన్ని తడుముకోకుండా అప్పజెప్పే పిల్లవాడు ఇంట్లో ఒక బల్బు మాడిపోతే మిగతావి ఎందుకు వెలుగుతున్నాయో చెప్పలేడు. చెప్పలేనందుకు తనకు బుర్ర లేదనుకుంటాడు. "ఫిజిక్సు మనకు రాదులే" అని పక్కకు తప్పుకుంటాడు. వాడికి రాకపోవడం కాదు, వాడి చేతికి ఎవరూ ఇవ్వకపోవడం ఇందులోని అసలు కథ.

నోబెల్ శాస్త్రవేత్త మొదలుపెట్టిన పని

బొమ్మ ప్రయోగాల్లో మిక్కిలి పేరు పొందినవి 'ఫెట్' ప్రయోగాలు. అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయం, బౌల్డర్ నగరంలో 2002లో వీటికి అంకురార్పణ జరిగింది. మొదలుపెట్టినవారు కార్ల్ వీమన్ అనే భౌతికశాస్త్రవేత్త. 2001లో ఎరిక్ కార్నెల్, వోల్ఫ్‌గాంగ్ కెటెర్లె అనే మరి ఇద్దరితో కలిసి ఆయన నోబెల్ బహుమతి అందుకున్నారు. బహుమతి సొమ్ములో కొంత భాగాన్ని ఈ పనికే వెచ్చించారు.

ఆ బహుమతికీ మన దేశానికీ ఒక చుట్టరికం వుంది. పరమాణువులను అతి శీతల స్థితికి తీసుకుపోతే అవన్నీ కలసికట్టుగా ఒకే అణువులా ప్రవర్తిస్తాయన్న సిద్ధాంతానికి మూలం మన సత్యేంద్రనాథ్ బోసు 1924లో రాసిన వ్యాసం. దానిని ఐన్‌స్టీన్ ముందుకు తీసుకుపోయారు. అందుకే ఆ స్థితికి ఇద్దరి పేర్లూ పెట్టారు. దానిని 1995లో బౌల్డర్‌లో వీమన్, కార్నెల్ నిజంగా సాధించి చూపారు.

అంతటి శాస్త్రవేత్త పిల్లల చదువు వైపు ఎందుకు తిరిగారు? తరగతి పరీక్షల్లో ముందుండే విద్యార్థులు పరిశోధనశాలలో అడుగుపెట్టగానే తడబడటం ఆయన గమనించారు. మార్కులు వచ్చినంత మాత్రాన విషయం వంటబట్టినట్టు కాదని తేల్చుకున్నారు. శాస్త్రవేత్త ఎలా ఆలోచిస్తాడో విద్యార్థి కూడా అలాగే తన చేత్తో మార్చి చూసి, ఏమైందో గమనించి, ఎందుకైందో ఆలోచించేలా వుండాలని ఈ ప్రయోగాలకు శ్రీకారం చుట్టారు. విద్యార్థుల చేతికిచ్చి, వారు ఎక్కడ తికమకపడుతున్నారో చూసి, దిద్ది మరీ వీటిని తయారుచేస్తారు. మొదట భౌతికశాస్త్రంతో మొదలైనవి ఇప్పుడు రసాయన, జీవశాస్త్రాలకు, గణితానికి కూడా విస్తరించాయి. మొత్తం 150కి పైగా వున్నాయి.

ఇవి నిజంగా పనికివస్తాయా అన్న అనుమానం రావడం సహజం. ఆ విశ్వవిద్యాలయంలోనే పరీక్షించి చూశారు. కొందరు విద్యార్థులకు నిజమైన తీగలు, బల్బులు ఇచ్చారు. మరికొందరికి తెర మీది బొమ్మ తీగలు, బొమ్మ బల్బులు ఇచ్చారు. తరువాత అందరికీ నిజమైన సామాను ఇచ్చి వలయం కట్టమన్నారు. బొమ్మలతో నేర్చుకున్నవారే బాగా కట్టారు, బాగా వివరించారు. 2005లో ప్రకటించిన ఈ ఫలితం చాలా మందిని ఆశ్చర్యపరిచింది. కారణం తేలికే. నిజమైన తీగలో ఏమి ప్రవహిస్తున్నదో కంటికి కనపడదు. బొమ్మ తీగలో ఎలక్ట్రానులు చీమల బారులా కదులుతూ కనపడతాయి.

పందిరి లైట్ల రహస్యం

వినాయక చవితి పందిళ్లకు కట్టే లైట్లను మనవారు 'సీరియల్ సెట్లు' అంటారు. ఆ పేరు ఎందుకొచ్చిందో ఎంతమందికి తెలుసు? పాత రకం సెట్లలో ఒక బల్బు మాడితే ఆ వరుస వరుసంతా ఆరిపోయేది. ఇంట్లో మాత్రం ఒక గదిలో బల్బు పోయినా పక్క గదిలో వెలుగుతూనే వుంటుంది. ఇది తెలుసుకోవడానికి ఫెట్‌లో వున్న విద్యుత్ వలయాల ప్రయోగం చాలు.

అందులో 9 వోల్టుల బ్యాటరీ, 10 ఓముల బల్బు తీసుకుని తీగలతో కలిపితే 0.9 ఆంపియర్ల కరెంటు ప్రవహిస్తుంది. రెండో బల్బును అదే బాటలో మొదటి దాని వెనుక కలిపితే కరెంటు 0.45 ఆంపియర్లకు పడిపోతుంది. రెండు బల్బులూ మందగిస్తాయి. ఒకదానిని ఊడదీస్తే రెండోదీ ఆరిపోతుంది. ఇది శ్రేణి సంధానం, అంటే సీరీస్. సీరియల్ సెట్టు పేరు ఇక్కడి నుంచే వచ్చింది. అలా కాక రెండో బల్బుకు బ్యాటరీ నుంచి వేరే బాట వేస్తే రెండూ నిండుగా వెలుగుతాయి. ఒకటి తీసినా రెండోది ఆరదు. ఇది సమాంతర సంధానం. ఇంటి వైరింగు ఈ పద్ధతిలోనే వుంటుంది. అయితే ఇక్కడ బ్యాటరీ నుంచి బయలుదేరే కరెంటు 1.8 ఆంపియర్లు. బాటలు పెరిగిన కొద్దీ మొత్తం కరెంటు పెరుగుతుంది. ఒకే ప్లగ్గుకు హీటరు, ఇస్త్రీ పెట్టె, మిక్సీ కలిపి తగిలిస్తే తీగ ఎందుకు వేడెక్కుతుందో ఈ లెక్కతో బోధపడుతుంది.

ఇక బ్యాటరీ రెండు కొసలను ఒకే తీగతో కలిపి చూడండి. తెర మీద బ్యాటరీకి మంట అంటుకుంటుంది. పిల్లలు నవ్వుతారు. కానీ షార్టు సర్క్యూట్ అంటే ఏమిటో మళ్లీ మరచిపోరు. పొలం మోటారు దగ్గర ఫ్యూజు పోయిన ప్రతిసారీ లావుపాటి రాగి తీగ చుట్టి పని కానిచ్చే అలవాటు మన రైతులలో వుంది. ఫ్యూజు తీగ సన్నగా ఎందుకు వుండాలి, అది తాను కరిగి మోటారునూ మనిషినీ ఎలా కాపాడుతుంది అన్నది ఈ ప్రయోగం చేసిన పిల్లవాడు తండ్రికి చెప్పగలడు. ఆ ఒక్క మాటకు ఒక ప్రాణం నిలబడినా ఈ చదువుకు ధర కట్టలేము.

మంచె మీద వడిసెల

జొన్న చేలో మంచె మీద నిలబడి వడిసెలతో పిట్టలు తోలిన వారికి రాయి ఏ వాలులో విసిరితే ఎంత దూరం పోతుందో చేతికి తెలుసు. దానినే పాఠ్యపుస్తకం ప్రక్షేపక చలనం అంటుంది. ఫెట్‌లో దీనికి ఒక ఫిరంగి వుంది. అందులో గుండు బదులు గుమ్మడికాయను, పియానోను, చివరకు కారును కూడా పేల్చవచ్చు. వేగం, వాలు, ఎత్తు మనమే నిర్ణయించాలి.

ఫిరంగిని నేలకు దించి, సెకనుకు 15 మీటర్ల వేగంతో, గాలి అడ్డు లేకుండా పేల్చితే 45 డిగ్రీల వాలులో గుండు సుమారు 23 మీటర్ల దూరం పోతుంది. అంతకు మించి మరే వాలులోనూ పోదు. 30 డిగ్రీలు పెట్టినా, 60 డిగ్రీలు పెట్టినా సుమారు 20 మీటర్ల దగ్గర ఒకే చోట పడుతుంది. ఒకటి నేలబారుగా, రెండోది ఆకాశానికెత్తి వెళ్లినా చేరే చోటు ఒకటే. ఇది పుస్తకంలో చదివితే నమ్మకం కుదరదు. చూస్తే కుదురుతుంది.

ఇప్పుడు ఫిరంగిని 4 మీటర్ల ఎత్తుకు, అంటే మంచె ఎత్తుకు లేపండి. ఇక 45 డిగ్రీలు అన్నిటికన్నా మంచి వాలు కాదు. 41 డిగ్రీల దగ్గర గుండు ఎక్కువ దూరం పోతుంది. ఎత్తు పెరిగిన కొద్దీ వాలు తగ్గించాలి. 'గరిష్ఠ వ్యాప్తికి 45 డిగ్రీలు' అని బట్టీపట్టిన విద్యార్థికి, అది నేల మీద నుంచి విసిరి నేల మీదే పడే రాయికి మాత్రమే వర్తిస్తుందని అప్పుడు తెలుస్తుంది. గాలి అడ్డును కూడా కలిపి చూస్తే దారి ఇంకా మారిపోతుంది. సూత్రం ఎక్కడ చెల్లుతుంది, ఎక్కడ చెల్లదు అన్నది తెలియడమే చదువు.

దారం, రాయి చాలు

లోలకం ప్రయోగం ఇంకా సులువు. తెర మీద దారం పొడవు, గుండు బరువు మార్చవచ్చు. బరువు ఎంత మార్చినా ఊగే కాలం మారదు. పొడవు మారిస్తేనే మారుతుంది. మీటరు పొడవుంటే ఒకసారి ఊగి తిరిగి రావడానికి దాదాపు 2 సెకన్లు పడుతుంది. పొడవును పావు మీటరుకు తగ్గిస్తే 1 సెకను పడుతుంది. అదే మీటరు లోలకాన్ని చంద్రుడి మీద పెడితే దాదాపు 5 సెకన్లు. గురుగ్రహం మీద ఒకటింబావు సెకన్లు. చంద్రుడి మీద లాగే బలం తక్కువ గనుక అక్కడ తాపీగా ఊగుతుంది. 'ఎక్స్' అనే పేరు లేని గ్రహం కూడా ఒకటి అందులో వుంది. దాని ఆకర్షణ ఎంతో విద్యార్థే లోలకాన్ని ఊపి కనిపెట్టాలి.

తెర మీద చూసింది నిజమో కాదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఒక రాయికి దారం కట్టి దూలానికి వేలాడదీయండి. దూలం నుంచి రాయి నడిమధ్య వరకు సరిగ్గా మీటరు వుండాలి. కొద్దిగా పక్కకు లాగి వదలండి. పదిసార్లు ఊగి రావడానికి 20 సెకన్లు పడితే మీరు భూమి ఆకర్షణను కొలిచినట్టే. 39.5ను ఒక ఊపు కాలం వర్గంతో భాగిస్తే, అంటే నాలుగుతో భాగిస్తే, 9.87 వస్తుంది. పుస్తకంలో వున్న 9.8కి ఇది ఎంత దగ్గరో చూడండి. ఒక దారం, ఒక రాయి, ఫోనులో గడియారం. ఇంతకు మించి ఖర్చు లేదు.

ఇంకా ఏమేమి వున్నాయి?

మన దేశంలో తయారైనవీ తక్కువేమీ కాదు. అమృత విశ్వవిద్యాపీఠం, సీడాక్ సంస్థ కలిసి 'ఓల్యాబ్స్' పేరిట 9 నుంచి 12 తరగతుల వారికి పాఠ్యాంశాల ప్రకారం ప్రయోగాలు సిద్ధం చేశాయి. ఇంజనీరింగు విద్యార్థులకు కేంద్ర ప్రభుత్వ 'వర్చువల్ ల్యాబ్స్' వున్నాయి. హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ అందులో పాలుపంచుకున్నది. 2017లో వచ్చిన 'దీక్ష'లో పాఠ్యపుస్తకాల మీది చతురస్రపు గుర్తును ఫోనుతో చూపితే పాఠం తెరుచుకుంటుంది. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ ఆచార్యుల పాఠాలు 'ఎన్‌పీటెల్'లో ఎవరైనా వినవచ్చు. వినడం ఉచితం, సర్టిఫికెట్టు పరీక్షకు మాత్రం రుసుము వుంటుంది.

ఐఐటీ కాన్పూరు విశ్రాంత ఆచార్యులు హెచ్.సి. వర్మ చవక వస్తువులతో చేసి చూపే ప్రయోగాలు, పారేసిన అగ్గిపెట్టెలతో, స్ట్రాలతో, పాత అయస్కాంతాలతో సైన్సు బొమ్మలు తయారుచేయడం నేర్పే అరవింద్ గుప్తా చిత్రాలు కూడా ఉచితమే. ఇంగ్లీషు వచ్చిన డిగ్రీ విద్యార్థులు ఫైన్‌మన్ ఉపన్యాసాలను కూడా ఇంటర్నెట్టులో ఉచితంగా చదువుకోవచ్చు.

సిగ్నలు లేకపోయినా పనిచేస్తాయి

మా ఊళ్లో సిగ్నలే సరిగా అందదు, ఇవన్నీ ఎక్కడ పనిచేస్తాయి అని అడిగేవారు వుంటారు. ఫెట్‌లో పల్లెవారికి మిక్కిలి అనుకూలమైన ఏర్పాటు ఇక్కడే వుంది. ఒక్కొక్క ప్రయోగం ఒక్కొక్క ఫైలుగా దిగుతుంది. సిగ్నలు వున్న చోట ఒకరు దించుకుంటే చాలు. ఆ తరువాత ఇంటర్నెట్టు అక్కరలేదు. మెమరీ కార్డులో వేసుకుని, బ్లూటూత్‌లో పంపి ఊరంతా పంచుకోవచ్చు. అలా పంచుకోవడానికి ఎవరి అనుమతీ అడగనక్కరలేదు, ఏ రుసుమూ కట్టనక్కరలేదు. మాస్టారు పట్నం వెళ్లినప్పుడు ఒక పది ప్రయోగాలు దించుకుని వస్తే బడికంతటికీ ఏడాది పొడవునా పనికివస్తాయి.

చిరునామా: ఫెట్ డాట్ కొలరాడో డాట్ ఈడీయూ. ఫోనులో ఇంటర్నెట్టు చూసే క్రోము వంటి దానిలోనే ఇది తెరుచుకుంటుంది. కొన్ని ప్రయోగాలు తెలుగులోనూ వున్నాయి. ఈ అనువాదాలు స్వచ్ఛందంగా ఎవరైనా చేయవచ్చు. అందుకు కావలసిన ఏర్పాటు ఆ చిరునామాలోనే వుంది. తెలుగులో లేని వాటిని మన సైన్సు ఉపాధ్యాయులు పూనుకుని తెలుగు చేస్తే రెండు రాష్ట్రాల పిల్లలకూ మేలు చేసినవారవుతారు. మాటలు కొద్దిగానే వుంటాయి. ఒకటి రెండు సాయంత్రాల పని.

అంతా తెర మీదే కుదరదు

ఇంత చెప్పిన తరువాత ఒక హెచ్చరిక కూడా అవసరం. బొమ్మ ప్రయోగం నిజమైన ప్రయోగానికి తోడే గాని బదులు కాదు. తెర మీది తీగకు తుప్పు పట్టదు, బ్యాటరీ నీరసించదు, దారం సాగదు. నిజమైన ప్రయోగంలో ఇవన్నీ వుంటాయి. కొలతలో తేడా ఎందుకు వచ్చిందో వెతకడం కూడా సైన్సులో భాగమే. అందువల్ల తెర మీద చేసిన దానిని వీలైనంత వరకు చేత్తో కూడా చేసి చూడాలి. టార్చి బ్యాటరీ, చిన్న బల్బు, రెండు ముక్కల తీగ కిరాణా కొట్టులో దొరుకుతాయి.

ముఖ్యమైన జాగ్రత్త మరొకటి. తెర మీద షార్టు చేసి చూశాము గదా అని ఇంటి కరెంటుతోగాని, మోటారు స్టార్టరుతోగాని పిల్లలు ప్రయోగాలు చేయరాదు. టార్చి బ్యాటరీ దాటి పోవద్దని పెద్దలు ఖచ్చితంగా చెప్పాలి.

ఉత్తినే ఆడుకుంటూ పోయినా ప్రయోజనం తక్కువే. వేలు పెట్టే ముందు ఏమి జరుగుతుందో ఊహించి కాగితం మీద రాసుకోవాలి. తరువాత చేసి చూడాలి. ఊహ తప్పితే ఎందుకు తప్పిందో రాయాలి. ఒకసారి ఒక్కటే మార్చాలి. పొడవు, బరువు రెండూ ఒక్కసారే మారిస్తే ఏది ఏమి చేసిందో తెలియదు.

పెద్దలు చేయవలసింది

తల్లిదండ్రులకు ఒక మనవి. ఇంట్లో ఒకే ఫోను వుంటే అది మగపిల్లవాడి చేతిలోనే వుంటున్నది. ఆడపిల్లకు రోజూ అరగంట అయినా ఇవ్వండి. ప్రయోగశాలలో గుంపు వెనుక నిలబడిన ఆ పిల్లకు తన చేత్తో తాను చేసి చూసే అవకాశం ఇందులోనే వుంది. గదిలో ఒంటరిగా కాక నట్టింట్లో కూర్చుని చేయమనండి. ఏమి చేస్తున్నావని అడగండి. మీకు చెప్పగలిగితే వారికి వచ్చినట్టే.

ఉపాధ్యాయులు వారానికి ఒక పీరియడు అయినా దీనికి కేటాయించవచ్చు. అందరికీ ఫోనులు అక్కరలేదు. ఒక్క తెర ముందు నలుగురేసి పిల్లలను కూర్చోబెట్టి, ముందుగా ఊహించమని, తరువాత ఒక్కొక్కరి చేత మార్పించి చూపితే సరిపోతుంది. బడిలో కంప్యూటర్లు మూలనపడి వుంటే దుమ్ము దులపడానికి ఇంతకన్నా మంచి కారణం దొరకదు. శాఖా గ్రంథాలయాల్లో ఒక కంప్యూటరులో ఈ ఫైళ్లు వేసి వుంచితే ఫోను లేని పిల్లలకు కూడా అందుబాటులోకి వస్తాయి. ఈ దిశగా గ్రంథాలయ సంస్థ, విద్యాశాఖ అధికారులు ఆలోచించాలి. ఇందుకు నిధులు అక్కరలేదు, శ్రద్ధ చాలు.

ఉచితంగా దొరికే ఈ ప్రయోగాలనే ప్యాకేజీ అని చెప్పి సొమ్ము అడిగేవారు ఎవరైనా వస్తే నమ్మవద్దు. నోబెల్ శాస్త్రవేత్త ఊరికే ఇచ్చిన దానిని మనవారు డబ్బు పోసి కొనుక్కోవలసిన అవసరం లేదు.

బీరువా తాళం ఎప్పుడు తీస్తారో మన చేతిలో లేదు. ఫోను మాత్రం మన చేతిలోనే వుంది. వేసవి సెలవులు వృధా కాకముందే ఒక్క ప్రయోగం దించుకుని, పిల్లల ముందు పెట్టి చూడండి.